అంచు దాటిన చుక్కలు

మా ఎంజైమ్ మీద వచ్చిన వ్యాసం అచ్చయ్యాక నేను దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా చదవలేదు. ఎవరైనా మెచ్చుకుంటే మాట మారుస్తాను. అందులో లెక్కలు తప్పని కాదు. ఆ లెక్కల వెనక నేను చేసిన పని ఒకటుంది. దాన్ని ఇప్పటికి ఇద్దరు ముగ్గురికి ముక్కలు ముక్కలుగా చెప్పాను, చెప్పిన ప్రతిసారీ నాకు అనుకూలంగా కొంచెం సర్దుకున్నాను. ఈసారి సర్దకుండా రాద్దామని కూర్చున్నాను.

నేను భిలాయిలోనే పుట్టి పెరిగాను. మా నాన్న ఉక్కు ప్లాంటులో ఆఫీసరు. ఇంట్లో ఆయన కళ్లజోడు కనపడకపోతే ఎవరో తీసినట్టు, ఆయన ట్యాంకు మోటారు ఆపడం మరిచిపోతే మేమెవరం గుర్తు చెయ్యనట్టు. పైవాళ్ల తప్పు కిందికి జారుతుందన్న సంగతి నేను పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు, వంటింట్లో అమ్మ మొహం చూసి నేర్చుకున్నాను. చదువు కోసం బయటి ఊళ్లు తిరిగి, ముప్ఫై దాటాక మళ్లీ ఇక్కడికే వచ్చి, ఒక సంస్థలో పాఠాలు చెబుతూ చిన్న ల్యాబ్ నడుపుతున్నాను. నాన్న పోలికలు మొహంలో రాలేదని అందరూ అంటారు. కోపంలో మాత్రం అచ్చు గుద్దినట్టు దిగాను.

మా పని ప్రోటీన్లను స్ఫటికాలుగా పెంచి, వాటి లోపల అణువులు ఎలా అమరి ఉన్నాయో కనుక్కోవడం. స్ఫటికం మీద సన్నటి ఎక్స్‌రే కిరణం వేస్తే వెనకాల ఉన్న డిటెక్టర్ పలక మీద చుక్కలు పడతాయి, వేలకు వేలు. మధ్యలో పడే చుక్కలు ప్రోటీన్ ఆకారాన్ని మోటుగా చెబుతాయి. అంచుల వైపు పోయేకొద్దీ పడే చుక్కలు సన్నటి వివరాలు చెబుతాయి, ఏ అణువు ఎక్కడుందో, ఏది ఎటు తిరిగి ఉందో. ఎంత దూరపు చుక్క దొరికితే బొమ్మ అంత తేటగా వస్తుంది. దాన్నే రిజల్యూషన్ అంటాం, ఆంగ్‌స్ట్రామ్‌లలో చెబుతాం. అంకె తగ్గేకొద్దీ బొమ్మ మెరుగు.

మామూలుగా చుక్కలు అంచుకు పోయేకొద్దీ వెలిసిపోతూ ఒకచోట కనపడకుండా పోతాయి. అది స్ఫటికం హద్దు, దానికి ఎవరూ ఏమీ చెయ్యలేరు. కానీ పలకను స్ఫటికానికి మరీ దూరంగా పెడితే బలంగా ఉన్న చుక్కలు కూడా పలక మీద పడకుండా పక్కనుంచి బయటికి పోతాయి. అప్పుడది స్ఫటికం హద్దు కాదు, మనం పెట్టిన హద్దు. ఈ రెంటికీ తేడా నాకు తెలియక కాదు. ఏటా పిల్లలకి పాఠంగా చెబుతాను.

ఒక అమ్మాయి నా దగ్గర పీహెచ్‌డీకి చేరింది. చరోదా రైల్వే కాలనీ పిల్ల. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి రైల్వే యార్డులో కేబిన్‌మన్, బండ్లకు పట్టాలు మార్చే పని. తల్లి చర్చికి వెళ్తుంది, తండ్రి ఆంజనేయస్వామి గుడికి వెళ్తాడు, పిల్ల ఇద్దరితోనూ వెళ్తుంది. హిందీ గడగడా మాట్లాడేది. తెలుగు ఇంట్లో నేర్చిందే కాబట్టి అందులో ఆ వైపు యాస దండిగా ఉండేది. “ఏటి మేడమ్” అంటే “ఏమిటి అనాలి” అని నేను దిద్దేదాన్ని. మా అమ్మమ్మ కూడా “ఏటి” అనే అనేది. సెక్టార్ల వైపు ఆఫీసర్ల క్వార్టర్లలో పెరుగుతూ మేం దాన్ని ఎప్పుడో వదిలించుకున్నాం.

పనిమంతురాలు. మూడేళ్ల పాటు ఆ ఎంజైమ్‌తో కుస్తీ పట్టింది. వచ్చిన స్ఫటికాలన్నీ నాసిరకం. మూడు ఆంగ్‌స్ట్రామ్‌లకు ఇవతలికి ఏదీ వచ్చేది కాదు. అప్పుడు ఒక మందు అణువును కలిపి మళ్లీ పెంచింది. ఒకే ఒక్క బొట్టులో మూడు స్ఫటికాలు, కలకండ పలుకుల్లా, అంచులు కోసినట్టు వచ్చాయి. మైక్రోస్కోప్ దగ్గరికి నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. ఒక విద్యార్థి నన్నలా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు, అదే ఆఖరు.

వాటిని వేరే రాష్ట్రంలో, చాలా బలమైన ఎక్స్‌రే కిరణాలు పుట్టించే సింక్రోట్రాన్‌కు తీసుకెళ్లాలి. మా ల్యాబ్‌లో ఉన్న ఎక్స్‌రే యంత్రం ముసలిది, దాని బలం చాలదు. ఇక్కడ గ్యాసు ఫ్యాక్టరీలున్న పారిశ్రామిక వాడలో ద్రవ నైట్రోజన్ దొరుకుతుంది. ఆ చలిలో స్ఫటికాలను దించి, పాలక్యాన్ లాంటి డబ్బాలో పెట్టి, రైల్లో తన బెర్తు పక్కన పెట్టుకుని కాళ్లు ముడుచుకుని తీసుకెళ్లింది. నేను వెళ్లలేదు. మా పెదనాన్న కూతురు కుమ్హారిలో ఫ్లాటు కొనుక్కుంది, ఆదివారం గృహప్రవేశం. వెళ్లకపోతే మాటొస్తుంది. అందుకని ఏం చెయ్యాలో, ఎలా చెయ్యాలో ఒక కాగితం మీద వరసగా రాసిచ్చాను.

ఆ కాగితంలో డిటెక్టర్ దూరం రెండు వందల ఎనభై మిల్లీమీటర్లని రాశాను. ఊరికే రాయలేదు. మా స్ఫటికం లోపలి అమరిక ఒక పక్కకు బాగా పొడుగు. అలాంటి వాటికి చుక్కలు ఇరుకిరుగ్గా పడతాయి, పలకను దగ్గరికి తెస్తే ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. పైగా పాత స్ఫటికాలు మూడుకు ఇవతలికి రాలేదు కదా, దూరంగా పెట్టినా పోయేదేముంది అనుకున్నాను. కాగితం ఇంతవరకూ తప్పు కాదు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే ఈ కారణాన్నే ముందు చెబుతాను. అలా చెప్పేటప్పుడు నా గొంతు మామూలు కంటే కొంచెం గట్టిగా లేస్తుంది.

గృహప్రవేశం నాడు మధ్యాహ్నం బంతిలో కూర్చున్నాను. అప్పుడే పులిహోర వడ్డించారు. ఫోను మోగింది.

“మేడమ్, మొదటి ఇమేజి వచ్చింది. స్పాట్స్ అంచు దాకా వచ్చీసేయి. అంచు దగ్గిర కూడా బాగా గట్టిగున్నాయి. బయటికి పోతన్నాయి. డిటెక్టర్ దగ్గిరికి జరిపీమంటారేటి?”

“అక్కర్లేదు. చుక్కలు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి.”

“ఎక్కవు మేడమ్, లెక్క కట్టేను. ఇక్కడ బీమ్ చాలా సన్నం. నూట ఎనభైకి తెచ్చినా విడివిడిగానే ఉంటాయి. ఒక్క ఇమేజి తీసి చూద్దామా?”

నేను ఆ లెక్క ఏమిటని అడగలేదు. నా పక్కన మా బంధువుల ఆవిడ ఉంది, ఎదురుగా ఇంకో ఆవిడ ఉంది, అందరూ నా మాటలు వింటున్నారు. ఒక విద్యార్థి నాకు ఎదురు చెబుతున్నట్టు వాళ్లకు వినపడుతోందేమోనని నా బాధ.

“నేను రాసిచ్చిన కాగితంలో ఏముందో అది చెయ్యి. డిటెక్టర్ జరపొద్దు. నీ తెలివితేటలు చూపించడానికి నిన్నక్కడికి పంపలేదు.”

 “ఠీక్ హై మేడమ్” అంది.

ఫోను పెట్టేసి “ఈ కాలం పిల్లలకి గట్టిగా చెప్పకపోతే నెత్తికెక్కుతారు” అన్నాను. ఎదురుగా ఉన్న ఆవిడ “నిజమే వదినా” అంది. పులిహోర మళ్లీ వడ్డించుకుని తిన్నాను.

ఆమె తిరిగొచ్చాక కంప్యూటర్ మీద ఆ బొమ్మలు చూపించింది. ఒక్క చూపులో నాకు అర్థమైంది. నల్లటి, నిండైన చుక్కలు పలక అంచు దాకా వచ్చి కత్తెరతో కోసినట్టు ఆగిపోయాయి. ఇవి ఇంకా చాలా దూరం పోయేవి. రెండు పాయింట్ ఆరు దగ్గర మన పలక అయిపోయింది. పలక అయిపోయింది తప్ప స్ఫటికం కాదు.  పైకి మాత్రం “పర్లేదులే, మళ్లీ పెంచి ఇంకోసారి తీద్దాం” అన్నాను. మిగిలిన రెండు స్ఫటికాలూ దానికి సాటి రావని అక్కడే తేలిపోయింది. ఆ మంచి స్ఫటికమేమో కిరణాల దెబ్బకి చచ్చిపోయింది. ఒకసారి కాలిన స్ఫటికం నుంచి రెండోసారి చుక్కలు రావు.

ఏడాది పాటు మళ్లీ పెంచింది. అదే ప్రోటీన్, అదే మందు, అదే నీళ్లు, అదే అల్మారా. రాలేదు. కొన్నిసార్లు ఎందుకు వస్తాయో తెలియనట్టే ఎందుకు రావో కూడా ఎవరికీ తెలియదు. ఆ ఏడాదిలో ఒక్కరోజు కూడా ఆమె కుమ్హారి ఫోను సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను కసురుకునేదాన్ని. కసురుకున్నాక బహుశా నా మనసు కొంచెం తేలికపడేది.

ఇక ఉన్నదానితోనే రిఫైన్‌మెంట్ మొదలుపెట్టాం. రిఫైన్‌మెంట్ అంటే మనం కట్టిన నమూనాను కొలిచిన చుక్కలతో పోల్చుకుని, తేడా తగ్గేదాకా కొంచెం కొంచెం సవరించుకుంటూ పోవడం. మన ఊహను మనమే నిజమని నమ్మే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి కొన్ని చుక్కలను మొదటే పక్కన పెట్టి నమూనాకు చూపించం. చివర్లో వాటితో పోల్చి చూస్తే మనల్ని మనం ఎంత మోసం చేసుకున్నామో బయటపడుతుంది. మంచి ఏర్పాటు. మనుషులు రాసే ఉత్తరాలకు ఇలాంటి ఏర్పాటు లేదు.

ప్రోటీన్ అంతా బాగానే కుదిరింది. తేలనిది ఒక్కటే. ఆ మందు అణువు ఎంజైమ్ మీది గుంటలో తల లోపలికి పెట్టి పడుకుందా, బయటికి పెట్టి పడుకుందా? మందు పనిచేసే తీరంతా దాని మీదే ఉంది. రెండు పాయింట్ ఆరు దగ్గర ఆ చోట ఒక ముద్ద కనపడుతుంది, ముద్దకు తలేదో తోకేదో కనపడదు. ఒకటి పాయింట్ ఎనిమిది దాకా ఉండుంటే స్పష్టంగా కనపడేది. ఆమె రెండు రకాలుగానూ పెట్టి నెలల తరబడి చూసింది. తేడా రాలేదు.

“తెలీదని రాసీద్దాం మేడమ్. రెండూ కుదురుతున్నాయని రాసీద్దాం.”

“తెలీదని రాయడానికి నాలుగేళ్లు పట్టిందా అని నవ్వుతారు. తల లోపలికే. అలాగే రాయి.”

రాసింది. పత్రికకు పంపాం. రెండు నెలలకు సమీక్షకుల ప్రశ్నలు వచ్చాయి. ఎవరో గట్టి మనిషి, మా పట్టిక చివరి వరస చూసి పట్టేశాడు. చిట్టచివరి అంచులో కూడా సిగ్నల్ ఇంత బలంగా ఉంటే కొలత అక్కడ ఎందుకు ఆగిపోయింది? డిటెక్టర్‌ను దగ్గరికి ఎందుకు తేలేదు? ఈ రిజల్యూషన్‌లో అణువు దిశ చెప్పడం సాధ్యమేనా? మూడూ న్యాయమైన ప్రశ్నలే. దిశ సంగతిలో దిగొచ్చి, రెండూ కుదురుతాయని రాయడానికి ఒప్పుకున్నాను. మిగతా రెండింటికీ జవాబు నేనే రాస్తానన్నాను.

దూరం ఎంతో సరిచూసుకుందామని ఆ ప్రయాణం తాలూకు ల్యాబ్ నోట్‌బుక్ అల్మారాలోంచి తీశాను. మా దగ్గర నోట్‌బుక్‌లు ల్యాబ్‌వే, పని అయ్యాక నా దగ్గరే ఉంటాయి. ఆ పేజీలో గుండ్రటి అక్షరాలతో, గంటా నిమిషం వేసి, ఇలా ఉంది: స్పాట్స్ అంచు దాటుతున్నాయి, దగ్గరికి జరపాలని అడిగాను, మేడమ్ ఫోన్‌లో వద్దన్నారు, జరపలేదు. కింద తన లెక్క కూడా వేసింది. అరపేజీ లెక్క. సరిగ్గా ఉంది.

ఫిర్యాదులా లేదు. ఉష్ణోగ్రత రాసినట్టు రాసింది. నేను పుస్తకం మూసేసి అల్మారాలో పెట్టి తాళం వేశాను. తర్వాత కూర్చుని సమీక్షకుడికి ఒక వాక్యం రాశాను: “డేటా తీసిన విద్యార్థినికి తగినంత అనుభవం లేక డిటెక్టర్‌ను రెండు వందల యాభై మిల్లీమీటర్ల దూరంలో ఉంచడం వల్ల ఈ లోపం జరిగింది.”  పత్రిక వాళ్లు తప్పు ఎవరిదో అడగలేదని కూడా అప్పుడు తోచలేదు. ఎవరో ఒకరి మీద వెయ్యాలన్నదే తోచింది, తోచిన వెంటనే ఆ ఎవరో ఒకరు కూడా తోచారు.

ల్యాబ్‌లలో ఒక పద్ధతుంది. వ్యాసం మాది, సంతకం మాది, కానీ పత్రిక వెబ్‌సైట్‌లోకి ఎక్కించే చాకిరీ విద్యార్థులది. మా పాస్‌వర్డ్ మాకంటే వాళ్లకే బాగా గుర్తుంటుంది. అలవాటు కొద్దీ ఆ ఉత్తరాన్ని కూడా ఆమెకే పంపి ఎక్కించమన్నాను. పంపాక గుర్తొచ్చింది. వెనక్కి తీసుకోవచ్చు, తీసుకోలేదు. చదవకుండా ఎక్కించేస్తుందిలే అనుకున్నాను, ఏ కాగితాన్నీ చదవకుండా వదలని పిల్ల గురించి.

మర్నాడు పొద్దున్న నా గది గుమ్మం దగ్గర నిలబడింది.

“మేడమ్, జవాబులో ఒక నంబరు తప్పు పడింది. రెండు వందల యాభై కాదు, రెండు వందల ఎనభై. మార్చీసేను.”

నేను పుస్తకం చూసి రాసుంటే ఆ అంకె తప్పు పడేది కాదు. చూసిన పేజీని చూడనట్టు మూసేశాను కాబట్టి జ్ఞాపకం మీద రాశాను. తనను నిందించిన వాక్యంలో నా అంకెను సరిదిద్దింది, మిగతా వాక్యాన్ని ముట్టుకోలేదు. మొహం మామూలుగానే ఉంది.

“ఎక్కించీమంటారా?”

“ఎక్కించు” అన్నాను. ఆమె వెళ్లాక తలుపు వేసుకున్నాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా లేచి వెళ్లి ఆపలేదు.

ఆ పత్రిక పద్ధతి ప్రకారం సమీక్షకుల ప్రశ్నలూ మా జవాబులూ కూడా వ్యాసంతో పాటే అందరికీ కనపడేలా పెడతారు. ఎవరు చదువుతారులే అనుకున్నాను. ఆ ఏడాదే సింక్రోట్రాన్‌లో ఉద్యోగం పడింది. వచ్చే పరిశోధకులకు డిటెక్టర్ ఎక్కడ పెట్టాలో, ఎన్ని బొమ్మలు తియ్యాలో చూసి చెప్పే శాస్త్రవేత్త పని. మొదటిసారి వెళ్లొచ్చినప్పటి నుంచీ ఆమెకు అదే ధ్యాస. “అలగాటి చోట నౌకరీ దొరికితే చాలు మేడమ్, ఇంకేటీ అక్కర్లేదు” అనేది. నా సిఫారసు ఉత్తరంలో మంచి మాటలు చాలా రాశాను. రాయాల్సిన ఒక్క మాటా రాయలేదు.

ఇంటర్వ్యూ అయిన వారానికి ఎంపిక కమిటీలో ఉన్న ఒకాయన ఫోన్ చేశారు. పాత పరిచయం.

“అమ్మాయి తెలివైందండీ. మీ వ్యాసంలో ఆ జవాబు చూసి డిటెక్టర్ సంగతి అడిగాం. నాదే పొరపాటని ఒప్పుకుంది, నిజాయితీపరురాలు. కానీ ఈ పనికి ఆ ఒక్కటే కదా తెలియాల్సింది. మీరేమంటారు?”

అడిగారు. నన్ను సూటిగా అడిగారు. ఇంకా ఏమీ ముగిసిపోలేదు, ఒక్క వాక్యం చెబితే చాలు. నా నోట్లోంచి వచ్చింది “అవునండీ, అప్పట్లో కొత్త. ఇప్పుడు నేర్చుకుంది” అని. దయగా మాట్లాడుతున్నాననే అనుకున్నాను ఆ క్షణంలో. అబద్ధానికి ఇంకో మేకు కొట్టానని ఫోను పెట్టేశాక తెలిసింది.

ఉద్యోగం రాలేదు. “అవ్వలేదు మేడమ్” అంది, అంతే. డాక్టరేట్ మాత్రం వచ్చింది. ఇక్కడే ఒక కోచింగ్ సెంటర్‌లో కెమిస్ట్రీ చెప్పడానికి చేరింది. వాళ్ల నాన్న స్వయంగా ల్యాబ్‌కు వచ్చి, చెప్పులు గుమ్మం బయట విప్పి, ఆదివారం భోజనానికి రమ్మని పిలిచాడు. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు.

చరోదా క్వార్టర్‌లో ముందు గదిలో ఏసుప్రభువు పటం, సింహాచలం అప్పన్న పటం ఒకే వరసలో ఉన్నాయి. నేను తింటానో తిననో అని కోడికూరా, పప్పూ రెండూ వండారు. ఆమె తల్లి వడ్డించింది. యార్డులో బండ్లు తగులుకున్నప్పుడల్లా గిన్నెలు కొంచెం అదురుతున్నాయి, వాళ్లెవరూ పట్టించుకోవడం లేదు. భోజనం అయ్యాక ఆవిడ ఒక పళ్లెం తెచ్చింది. అందులో చీర, రవికల గుడ్డ, అరటిపళ్లు, నాకోసమని కొత్తగా తెప్పించిన కుంకుమ పొట్లం. గురువుకు బట్టలు పెట్టాలన్నది వాళ్ల నాన్న పట్టుదలట. ఆవిడ బొట్టు పెడుతుంటే ఆయన నా ముందుకొచ్చి చేతులు జోడించాడు.

“మేడమ్ గారూ, మా అమ్మాయి తప్పు సేసీసింది. ఆ మిషను దూరంగా పెట్టీసిందట కదా. మీ పని అంతా పాడైపోనాది, మీకూ మాటొచ్చినాది. అయినా మీరు దాన్ని వదలకండా డాక్టర్ని సేసేరు. మనసులో ఏటీ పెట్టుకోకండి.”

“నాన్నా, ఇప్పుడవన్నీ ఎందుకు” అంది ఆమె. లేచి వంటింటి వైపు వెళ్లబోయింది.

చీర నా ఒళ్లో ఉంది. ఆ బరువుతో అక్కడ కూర్చోవడం నావల్ల కాలేదు. నాకు ధైర్యం వచ్చిందని చెప్పలేను. ఆ జోడించిన చేతులు దించాలంటే ఇంకో దారి లేదు.

“దూరంగా పెట్టమన్నది నేనే” అన్నాను. “దగ్గరికి జరుపుతానని అడిగింది. నేనే వద్దన్నాను. తప్పు నాది.”

 ఆయన చేతులు మెల్లగా దిగాయి. కూతురి వైపు తిరిగాడు.

“ఫోన్లో చెప్పేరా, కాయితమ్మీద రాసిచ్చేరా?”

“ఫోన్లో నాన్నా.”

“మరి రాసుకోలేదేటి? చిన్నప్పట్నుంచీ చెప్తన్నానా?” అని, నాకు అర్థం కావాలని నా వైపు తిరిగి చెప్పాడు. “మా కేబిన్లో ఫోన్ మీద ఎవరే ఆర్డరిచ్చినా ప్రైవేట్ నంబరని ఒకటి ఇచ్చి పుచ్చుకుంటాం మేడమ్. ఇద్దరం బుక్కులో రాసుకుంటాం, టైమేసి. తరవాత నేను అన్నేదు అనడానికి ఎవరికీ ఉండదు.”

“రాసేను నాన్నా. ఆ బుక్కు మేడమ్ దగ్గిరే ఉంది.”

ముగ్గురూ నా వైపు చూశారు. ఆ పేజీ చూడలేదని అనొచ్చు. నేను ఆ పుస్తకం తీసిన సంగతి ఆ అల్మారాకు తప్ప ఎవరికీ తెలియదు.

“చూశాను” అన్నాను. “ఆ ఉత్తరం రాసే ముందే చూశాను.”

తల్లి చేతిలో కుంకుమ పొట్లం అలాగే ఉండిపోయింది. ఆయన నన్ను తిట్టలేదు. తిడతాడని చూశాను, తిడితే బాగుండుననిపించింది. లోపలికి వెళ్లి కూతురి నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి తెచ్చి, పెన్నుతో పాటు నా ముందు పెట్టాడు.

“అయితే రాసీండి మేడమ్. ఇప్పుడు నోటితో చెప్పేరు, బాగానే ఉంది. అక్కడ కాయితమ్మీదుంది కదా, ఇక్కడా కాయితమ్మీదే ఉండాల.”

చీర పక్కన పెట్టి రాశాను. డిటెక్టర్‌ను జరపవద్దని ఫోనులో ఆదేశించింది నేను, జరపాలని కోరినది విద్యార్థిని, పత్రికకు ఇచ్చిన జవాబులో పొరపాటున ఆమెపై నింద మోపాను. సంతకం పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. రెండోసారి ఒకచోట వేలు ఆపాడు.

“మేడమ్ గారూ, బుక్కు చూసేకే రాసేనన్నారు కదా. మరి పొరపాటెలగవుద్ది?”

గొంతులో కోపం లేదు. కేబిన్‌లో లెక్క తేలని చోట అడిగినట్టు అడిగాడు.

“ఉండనీ నాన్నా” అంది ఆమె.

నేను కాగితం వెనక్కి తీసుకుని “పొరపాటున” అన్న మాట కొట్టేశాను. దాని పైన “తెలిసి” అని రాసి, పక్కన మళ్లీ సంతకం పెట్టాను. చీర తీసుకోకుండా లేచాను, వాళ్లూ తీసుకోమనలేదు. మర్నాడు అదే వాక్యాన్ని, ఆ మాటతో సహా, నోట్‌బుక్ పేజీ ఫోటో జతచేసి పత్రిక సంపాదకుడికి పంపాను, కమిటీలో ఉన్న ఆయనకూ పంపాను. సవరణ అచ్చయింది. కమిటీ ఆయన నుంచి రెండు పంక్తుల జవాబు వచ్చింది. ఆ ఉద్యోగంలో వేరే ఎవరో అప్పటికే చేరిపోయారట.